మీ ఇష్టం

తెలుగులో నాకు అన్నిటికన్నా భయం వేసే మాట తిట్టు కాదు, శాపనార్థం కాదు. "మీ ఇష్టం".

రెండు ముక్కలే. వినడానికి ఎంత మర్యాదగా ఉంటుందో! పెళ్ళి మాటల్లో, పొలం పంపకాల్లో, ఆఫీసు మీటింగుల్లో, ఆదివారం ఏం వండాలన్న చర్చలో.. ఎక్కడ పడితే అక్కడ వినబడుతుంది. ఆ మాట చెవిన పడగానే అవతలి మనిషి ఒప్పేసుకున్నాడని హాయిగా ఊపిరి పీల్చుకుంటాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే పీల్చుకున్నా.

ఆ మాటకి అసలు అర్థం నాకు ముప్పై దాటాక తెలిసింది. అదీ పెద్దవాళ్ళెవరో చెబితే కాదు. 1969 జనవరిలో లండన్లో నలుగురు కుర్రాళ్ళు ఒక ఆల్బమ్ కోసం పాటలు కట్టుకుంటుంటే, ఆ ఫిల్ము చూసి తెలుసుకున్నా. ఆ నలుగురినీ బీటిల్స్ అంటారు.

ఇంజనీరింగ్ హాస్టల్లో నా రూమ్మేట్ ఒకడు రోజూ వీళ్ళ పాటలే పెట్టేవాడు. ఇళయరాజా, కీరవాణి, రెహమాన్ తప్ప నాలుగో పేరు ఎరగని నాకు మొదట్లో తలనొప్పి వచ్చేది, తర్వాత అలవాటయింది, ఆ తర్వాత వాడు ఊరెళితే నేనే పెట్టుకోవడం మొదలైంది. అందుకని 2021 నవంబరులో, సరిగ్గా థాంక్స్ గివింగ్ సెలవుల్లో, పీటర్ జాక్సన్ తీసిన 'గెట్ బ్యాక్' వస్తోందంటే ఎక్కడికీ పోకుండా ఇంట్లోనే ఉండిపోయా. మూడు రోజులు, మూడు భాగాలు, దాదాపు ఎనిమిది గంటలు.

"ఎనిమిది గంటల్లో ఏమవుతుంది?" అంది మా ఆవిడ.

"ఏమీ అవదు. నలుగురు కూర్చుని పాటలు ప్రాక్టీసు చేస్తారు."

ఓ అరగంట నా పక్కన కూర్చుని చూసి, "వీళ్ళు అచ్చం మీ ఆఫీసు వాళ్ళలానే ఉన్నారు" అని లేచి వెళ్ళిపోయింది. ఆ ఒక్క వాక్యం కన్నా మంచి సమీక్ష నేను ఇప్పటిదాకా ఎక్కడా చదవలేదు :)

నిజంగానే అలాగే ఉంటుంది. చేతిలో నెల రోజులు లేవు. ఫిబ్రవరి మొదట్లో డ్రమ్ములు వాయించే రింగో ఒక సినిమా షూటింగుకి వెళ్ళిపోవాలి. ఆలోపు కొత్త పాటలు కట్టాలి, అవి జనం ముందు పాడాలి, టీవీలో చూపించాలి, ఆల్బమ్ తేవాలి. రిక్వైర్మెంట్లు ఎవరికీ సరిగ్గా తెలీవు. కచేరీ ఎక్కడ అంటే లిబియాలోని పాత రోమను రంగస్థలం అంటాడొకడు, ఓడలో అంటాడింకొకడు. చివరికి తమ ఆఫీసు మేడ మీద పాడుకున్నారు. డెడ్‌లైన్ దగ్గర పడేకొద్దీ స్కోపు ఎలా కుంచించుకుపోతుందో మా వృత్తిలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

పొద్దున్నే రావాలి. వచ్చింది ట్వికెన్హామ్ ఫిల్ము స్టూడియో.. పాటల కోసం కట్టింది కాదు, సినిమాల కోసం కట్టిన చలి గోదాము లాంటి చోటు. చుట్టూ కెమెరాలు, మైకులు. జాన్ ఆలస్యంగా వస్తాడు. పక్కన యోకో పేపరు చదువుకుంటూ ఉంటుంది (ఈవిడే బ్యాండుని విడగొట్టిందని యాభై ఏళ్ళు ఆడిపోసుకున్నారు. ఎనిమిది గంటలూ చూసినవాళ్ళెవరూ మళ్ళీ ఆ మాట అనలేరని నా నమ్మకం). టోస్టు, టీ. పాత పాటలు, వెకిలి పాటలు, మధ్యలో పని.

మరొక ముచ్చట చెప్పాలి. కెమెరాలూ టేపులూ ఆగకుండా తిరుగుతున్నాయి కదా, వీళ్ళకి ఏదైనా సొంత విషయం మాట్లాడుకోవాలనిపిస్తే గిటారు గట్టిగా వాయిస్తూ ఆ చప్పుడు చాటున మాట్లాడుకునేవారట. యాభై ఏళ్ళు ఆ మాటలు గిటారు మోత వెనకే ఉండిపోయాయి. జాక్సన్ బృందం మెషీన్ లెర్నింగుతో ఒక్కొక్క వాయిద్యాన్నీ, ఒక్కొక్క గొంతునీ విడదీసి, గిటారు తీసేసి మాటలు బయటికి తెచ్చింది. 2023లో వచ్చిన 'నౌ అండ్ దెన్' పాటలో జాన్ గొంతుని పాత క్యాసెట్టులోని పియానో నుంచి వేరు చేసింది కూడా ఈ విద్యతోనే. ఎమ్మెస్‌లో సిగ్నల్ ప్రాసెసింగ్ కోర్సుని పాసు మార్కులతో గట్టెక్కిన నేను, ఇది చూసి మా ప్రొఫెసరుకి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నా.

సరే, ఈ సినిమా చూసిన ప్రతివాడూ చెప్పుకునే సీను ఒకటుంది. జనవరి 7. జాన్ ఇంకా రాలేదు. పాల్ కుర్చీలో కూర్చుని బేసు గిటారుని టకటకా వాయిస్తుంటాడు. పాట లేదు, ట్యూను లేదు, ఏదో గొణుగుతుంటాడు. రెండు నిమిషాలు గడిచేసరికి ఎక్కణ్ణుంచో ఆకారం వస్తుంది. మన కళ్ళ ముందే 'గెట్ బ్యాక్' అనే పాట పుడుతుంది. గూస్‌బంప్స్ అంటారే, అదే. 'చూశావా, జీనియస్ అంటే అదీ' అని ఆ క్లిప్పు నాకు కనీసం పదిమంది పంపించి ఉంటారు.

నేను మాత్రం ఆ సీనులో ఇంకో మనిషిని చూడమంటా. ఎదురుగా జార్జ్ హారిసన్ కూర్చుని ఉంటాడు. ఆ పాట పుట్టడానికి కొన్ని క్షణాల ముందు అతను బ్రహ్మాండంగా ఆవులిస్తాడు! తర్వాత తనూ గిటారు కలుపుతాడు. అంటే ఒకడు పాట పుట్టిస్తుంటే పక్కన కూర్చుని, ఓపిగ్గా విని, నెమ్మదిగా అందులో చేరే ఉద్యోగం ఒకటుందన్నమాట. జార్జ్‌ది చాలా ఏళ్ళుగా అదే ఉద్యోగం. నా ప్రశ్న ఏంటంటే, జార్జ్ పాట తెచ్చినప్పుడు ఆ ఉద్యోగం ఎవరు చేశారు?

దానికి ఒక్క రోజు ముందు, జనవరి 6న, ఒక గొడవ జరిగింది. గొడవంటే అరుపులూ కేకలూ కాదు, చాలా నెమ్మదైన గొడవ. 'టూ ఆఫ్ అస్' అనే పాట ప్రాక్టీసులో పాల్ జార్జ్‌కి గిటారు ఎలా వాయించాలో చెప్పబోతాడు. నొప్పించకూడదని తెగ ప్రయత్నిస్తాడు పాపం, చెప్పి, మళ్ళీ సర్దుకుని, మళ్ళీ చెప్తాడు. అప్పుడు జార్జ్ గొంతు పెంచకుండా, మొహం మీద పెద్దగా ఏ భావమూ లేకుండా ఒక మాటంటాడు. సారాంశం ఇది: నువ్వు ఏం వాయించమంటే అది వాయిస్తా, వద్దంటే అసలు వాయించను, నీకు ఏది నచ్చుతుందో అదే చేస్తా.

నేను సోఫాలోంచి లేచి కూర్చున్నా. ఇది మన మాటే! లివర్‌పూల్ యాసలో 'మీ ఇష్టం'!

నాలుగు రోజుల తర్వాత, జనవరి 10న మధ్యాహ్నం భోజనం వేళ, జార్జ్ బ్యాండు వదిలి వెళ్ళిపోయాడు.

ఇక్కడ కొంచెం ఆగి జార్జ్ ఎవరో చెప్పాలి. అప్పటికి వయసు 25. నలుగురిలో చిన్నవాడు. జాన్, పాల్ ఇద్దరూ కుప్పలు తెప్పలుగా పాటలు రాస్తుంటే, ఆల్బమ్‌కి ఒకటో రెండో ఇతని కోటా. 1968లో వచ్చిన 'వైట్ ఆల్బమ్'లో 30 పాటలుంటే జార్జ్‌వి నాలుగు. మొదట్లో అది న్యాయమే, అప్పటికి అతను నేర్చుకునేవాడు. కానీ మనుషులు ఎదుగుతారు కదా! 1968 జనవరిలో, అంటే ఈ గొడవకి సరిగ్గా ఏడాది ముందు, ఇతను బొంబాయి హెచ్ఎంవి స్టూడియోలో కూర్చుని 'వండర్‌వాల్' సినిమా సంగీతం కోసం మన హిందుస్తానీ విద్వాంసుల చేత వాయించి రికార్డు చేయించాడు. రవిశంకర్ దగ్గర సితారు నేర్చుకున్నవాడు. అదే ఏడాది చివర్లో అమెరికాలో బాబ్ డిలన్ దగ్గరా, 'ది బ్యాండ్' అనే బృందం దగ్గరా కొన్ని రోజులు గడిపి, అక్కడ అందరూ సమానంగా కూర్చుని సంగీతం చేసుకోవడం చూసొచ్చాడు. ఇవన్నీ చూసొచ్చి, జనవరి 2న ట్వికెన్హామ్‌లో మళ్ళీ తమ్ముడి కుర్చీలో కూర్చున్నాడు. వయసు పెరిగింది, కుర్చీ పెరగలేదు.

ఇంట్లో చిన్నవాళ్ళుగా పుట్టినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నలభై ఏళ్ళొచ్చినా "నువ్వు చిన్నవాడివి, నీకు తెలీదు, ఊరుకో" అంటారు చూడండి, అది.

ఇప్పుడు నా సంగతి. చెప్పుకోదగ్గదేం కాదు, కానీ చెప్పకుండా ఈ సినిమా గురించి నీతులు చెబితే అన్యాయం.

2019లో ఒక క్లయింటు దగ్గర పాత బిల్లింగు డేటాని కొత్త సిస్టంలోకి మార్చే పని. అయిదుగురం, నేను లీడు. టీములో ఒక కుర్రాడు, మనవాడే, నాకన్నా ఆరేళ్ళు చిన్న. మీటింగుల్లో తక్కువ మాట్లాడేవాడు. నా ప్లాను ఏంటంటే, ఒక శని ఆదివారాల్లో పాతది ఆపేసి, డేటా మొత్తం ఒకేసారి మార్చేసి, సోమవారానికి కొత్తది మొదలెట్టడం. అతను వేరే దారి చెప్పాడు. రెండు సిస్టంలనీ కొన్నాళ్ళు పక్కపక్కనే నడుపుతూ, కస్టమర్లని ఒక్కో గుంపుగా మారుద్దాం అన్నాడు. మొదటిసారి చెప్పినప్పుడు "టైము లేదు" అన్నా. రెండోసారి, "మంచి ఐడియానే, తర్వాత చూద్దాం" అన్నా. మూడోసారి నాలుగు పేజీలు రాసుకొచ్చాడు. నేను మొదటి పేజీ చూసి, "బావుంది గానీ, ఇప్పుడు కాదు తమ్ముడూ" అన్నా. నవ్వుతూనే అన్నా. నేను చాలా మంచి లీడునని అప్పట్లో నా గట్టి అభిప్రాయం.

"మీ ఇష్టం అన్నా" అన్నాడు.

అమ్మయ్య, ఒక తలనొప్పి తగ్గిందనుకున్నా. ఆ తర్వాత అతను చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. స్టాండప్‌లో రోజూ "నో బ్లాకర్స్". నేను మా మేనేజరుతో 'కుర్రాడు లైన్లో పడ్డాడు' అని కూడా చెప్పా. ఆరు వారాలకి రాజీనామా ఇచ్చాడు.

అతను వెళ్ళిన నెలకి మా కటోవర్ శనివారం అర్ధరాత్రి బోల్తా కొట్టింది. ఆదివారం సాయంత్రానికి అంతా వెనక్కి తిప్పుకున్నాం. తర్వాత మూడు నెలలు కూర్చుని చేసిన పని ఏంటో తెలుసా? ఆ నాలుగు పేజీలు. ఈసారి నాలుగూ చదివా. మూడో పేజీలో, మేం సరిగ్గా ఏ టేబుల్ దగ్గర పడ్డామో దాని పేరు రాసి ఉంది.

ఫోన్ చేసి చెప్పా. "పర్లేదన్నా" అన్నాడు. అంతే. నన్ను దెప్పి ఉంటే బాగుండేది.

అందుకే రెండేళ్ళ తర్వాత జార్జ్ నోటి నుంచి ఆ మాట వినగానే సోఫాలోంచి లేచా. సమర్థుడైన మనిషి "మీ ఇష్టం" అన్నాడంటే అది ఒప్పుకోలు కాదు, రాజీనామా ఉత్తరంలో మొదటి సగం. రెండో సగం రావడానికి జార్జ్‌కి నాలుగు రోజులు పట్టింది, మావాడికి ఆరు వారాలు. ఇళ్ళల్లో అయితే కొందరికి ముప్పై ఏళ్ళు పట్టొచ్చు, అసలు రాకనూ పోవచ్చు. కానీ మనిషి అక్కడ ఉండడం మాత్రం ఆ రోజే ఆగిపోతుంది.

మళ్ళీ లండన్ వెళ్దాం. జార్జ్ వెళ్ళిపోయాక మిగతావాళ్ళు మొదట ఏం చేశారు? పిచ్చి పిచ్చిగా వాయించారు. అతను తిరిగి రాకపోతే ఎరిక్ క్లాప్టన్‌ని పెట్టుకుందాం అన్నాడు జాన్. రిప్లేస్మెంటు! ఈ మాట అన్ని ఆఫీసుల్లోనూ అంటారు. తమాషా ఏంటంటే, క్లాప్టన్ జార్జ్ స్నేహితుడే. 1968 సెప్టెంబరులో తన పాటని బ్యాండు వాళ్ళు పెద్దగా పట్టించుకోవట్లేదని జార్జ్ అతన్ని స్టూడియోకి వెంటబెట్టుకొచ్చి గిటారు వాయించమన్నాడు. బయటివాడు రాగానే అందరూ బుద్ధిగా వాయించారు. మన ఇళ్ళల్లో చుట్టాలొచ్చినప్పుడు మొగుడూ పెళ్ళాలు "ఏవండీ", "ఏమోయ్" అని పిలుచుకుంటారు చూడండి, అలా.

జనవరి 13న జాన్, పాల్ ఇద్దరూ స్టూడియో క్యాంటీన్లో విడిగా మాట్లాడుకున్నారు. సినిమా వాళ్ళు గడుసువాళ్ళు, పూలకుండీలో మైకు దాచారు. ఈ ఎనిమిది గంటల్లో నాకు అన్నిటికన్నా విలువైన సీను అదే, బొమ్మ కూడా లేదు, మాటలే. అందులో జాన్ అంటాడు.. అది చాలాకాలంగా పుండవుతున్న గాయమని, మనం దాన్ని ఇంకా లోతు కానిచ్చామని, కట్టు కూడా కట్టలేదని. చూడండి, తెలీక కాదు. అన్నీ తెలుసు. తెలిసీ ఆ మాట జార్జ్ ముందు కాకుండా క్యాంటీన్లో పూలకుండీకి చెప్పారు. నేనూ అంతే, మావాడికి అన్యాయం చేశానని మా ఆవిడకి చెప్పా, మా మేనేజరుకి చెప్పా, అతనికి చెప్పడానికి మాత్రం మూడు నెలలు పట్టింది.

జార్జ్ తిరిగొచ్చాడు. షరతులతో వచ్చాడు. ఈ టీవీ కచేరీ హడావుడి వద్దు, ట్వికెన్హామ్ వద్దు, మన సొంత ఆఫీసు కింద ఉన్న స్టూడియోకి వెళ్దాం, ఆల్బమ్ చేద్దాం అన్నాడు. ఒప్పుకున్నారు. అలా మూడో వారంలో శావిల్ రోలోని ఆపిల్ ఆఫీసు నేలమాళిగకి మారారు. అక్కడ వాళ్ళ సొంత మాంత్రికుడు ఒకాయన కట్టిన రికార్డింగు పరికరాలు పనికిరాకపోతే, ఈఎంఐ నుంచి సామాను అరువు తెచ్చుకున్నారు. 22న బిల్లీ ప్రెస్టన్ పలకరించి పోదామని వచ్చాడు. 1962లో హాంబర్గ్‌లో పరిచయమైన కుర్రాడు, కీబోర్డు మీద చెయ్యి వేస్తే చాలు. జార్జ్ అతన్ని ఉండిపొమ్మన్నాడు. మళ్ళీ అదే చుట్టాల వైద్యం! గది మొత్తం మారిపోయింది. అప్పటిదాకా ఈడ్చుకుంటూ వచ్చిన పాటలు ఒక్కసారిగా పాటల్లా వినిపించడం మొదలెట్టాయి. ఇతన్ని బ్యాండులో చేర్చేసుకుందామని జాన్ అంటే, నలుగురితోనే చస్తున్నాం అన్న ధోరణిలో పాల్ కొట్టిపారేశాడు.

ఆ నెలాఖరులో ఒక చిన్న సంఘటన. జార్జ్ ఒక పాట పట్టుకొచ్చాడు. మొదటి వాక్యంలోనే ఒక మాట దొరకడం లేదు, ఆరు నెలల నుంచి దాని దగ్గరే ఆగిపోయానన్నాడు. జాన్ ఏం చెప్పాడంటే, నోటికి ఏది వస్తే అది పెట్టి పాడెయ్, కాలీఫ్లవర్ అను, అసలు మాట దొరికేదాకా అలా పాడుతూ ఉండు అని. మన సినిమా వాళ్ళు చేసేదీ అదే కదా. ట్యూను ముందు కట్టి, "తనననా" అనో, నోటికొచ్చిన మాటలతోనో పాడి కవిగారికి ఇస్తారు. జార్జ్ నవ్వి, దానిమ్మపండు పెట్టి పాడి చూశాడు.

ఆ కాలీఫ్లవరు పాటే 'సంథింగ్'. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన 'అబీ రోడ్' ఆల్బమ్‌లో చేరింది. అక్టోబరులో సింగిల్‌గా వచ్చింది, బీటిల్స్ సింగిల్ రికార్డులో జార్జ్ పాట మొదటి వైపు రావడం అదే మొదటిసారి, అమెరికాలో ఒకటో స్థానానికి వెళ్ళింది. జాన్ ఇచ్చింది ఏంటి? ఒక్క నిమిషం, ఒక కూరగాయ పేరు. అంతకన్నా ఏమీ ఇవ్వక్కర్లేదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

జనవరి 30న మేడ మీద ఆ కచేరీ జరిగింది. చలి, గాలి, కింద రోడ్డు మీద జనం, పైకొచ్చిన పోలీసులు. సుమారు 42 నిమిషాలు. అయిదు పాటలు, కొన్ని రెండేసి మూడేసి సార్లు. అద్భుతంగా వాయించారు, నలుగురూ నవ్వుకుంటున్నారు, చూస్తుంటే కళ్ళు చెమర్చాయి. కానీ లెక్క చూడండి. ఆ అయిదింట్లో జార్జ్ రాసిన పాట ఒక్కటీ లేదు. అందులో ఒకటి జాన్, పాల్ కుర్రతనంలో ఎప్పుడో 1950ల్లో రాసుకున్నది. దానికి చోటుంది!

అంతకు ముందురోజే జార్జ్ జాన్‌తో అన్నాడు, నా కోటా లెక్కన చూస్తే నా దగ్గర వచ్చే పదేళ్ళకి సరిపడా పాటలున్నాయి, అన్నీ ఒకచోట వేసి సొంతంగా ఒక ఆల్బమ్ చేసుకోవాలనుంది అని. జాన్ మంచిదే అన్నాడు. ఆ నెలలో పలుసార్లు ప్రాక్టీసు చేసి పక్కన పెట్టేసిన పాటల్లో 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' ఒకటి. 1970 నవంబరులో అదే పేరుతో జార్జ్ మూడు రికార్డుల ఆల్బమ్ తెచ్చాడు. అమెరికాలో ఒకటో స్థానం. అప్పటికి బ్యాండు లేదు. ఈ జనవరి పాటలతో చేసిన 'లెట్ ఇట్ బీ' ఆల్బమ్ 1970 మే నెలలో, అందరూ విడిపోయాక విడుదలైంది. 12 పాటల్లో జార్జ్‌వి రెండు. అందులో 'ఐ మీ మైన్' అతను పట్టుకొచ్చిన రోజు జాన్ హాస్యమాడాడు, ఆ వాయిద్యానికి యోకోతో వాల్ట్జ్ డాన్సు చేశాడు. దాన్ని 1970 జనవరి 3న మిగతా ముగ్గురే రికార్డు చేశారు. జాన్ దేశంలోనే లేడు.

ఇక్కడ మీరు నన్ను ఆపి ఒక మాట అడగాలి. మరి పాల్ తప్పేంటి? నిజమే. ఇది రాస్తూ నేను చాలాసేపు ఆగింది ఇక్కడే. వాళ్ళ మేనేజరు బ్రయన్ ఎప్‌స్టీన్ 1967 ఆగస్టులో చనిపోయాడు. తర్వాత పొద్దున్నే వచ్చి, అందర్నీ కూడగట్టి, "పదండి, పని చేద్దాం" అన్నది పాల్ ఒక్కడే. అతను తరమకపోతే ఈ ఆల్బమ్ లేదు, ఈ సినిమా లేదు, నా థాంక్స్ గివింగూ లేదు. ఇంట్లో ఎవరో ఒకరు గట్టిగా మాట్లాడకపోతే పెళ్ళిళ్ళు జరగవు, ఇళ్ళు లేవవు. నేను లీడుగా ఉన్నన్నాళ్ళూ పాల్‌నే, జార్జ్‌ని కాదు. అందుకే అతని మీద నాకు కోపం లేదు, జాలి ఉంది. తరిమేవాడికి గడియారం వినబడుతుంటుంది. గడియారం గట్టిగా వినబడేవాడికి పక్కవాడి గొంతు తగ్గడం వినబడదు.

పైగా కర్మ అంటారే, అది పాల్‌ని వెంటనే పట్టుకుంది. 1970 ఏప్రిల్లో ఫిల్ స్పెక్టర్ అనే ప్రొడ్యూసరు, పాల్‌ని ఒక్క మాట అడగకుండా, అతని 'ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' పాట మీద పెద్ద ఆర్కెస్ట్రా, కోరస్సు పోశాడు. పాల్ మండిపడ్డాడు. 2003లో అవన్నీ తీసేసిన ఆల్బమ్ మళ్ళీ వచ్చింది. జార్జ్‌కి "మీ ఇష్టం" అనే అవకాశమైనా దక్కింది, పాల్‌కి అదీ దక్కలేదు.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. చిన్నబుచ్చుకున్న ప్రతివాడూ జార్జ్ హారిసన్ కాదు కదా? కొందరి పాటలు నిజంగానే బాగోవు, కొన్ని నాలుగు పేజీల ప్లానులు నిజంగానే పనికిరావు. ఒప్పుకుంటా. నేను అన్నీ ఒప్పుకోమనడం లేదు. బాగోలేదని మొహం మీద చెప్పినా పర్లేదు, అప్పుడు కనీసం వాదన ఉంటుంది. వాదించేవాడు ఇంకా మనవాడే. నేనడిగేది ఒక్కటే, కాదనేముందు దాన్ని ఒకసారి మనస్ఫూర్తిగా వాయించి చూడండి. నాలుగు పేజీలూ చదివి కాదనండి. "మంచి ఐడియానే, తర్వాత చూద్దాం" అన్నది మాత్రం వద్దు. 'కాదు' అనే ధైర్యం లేనివాళ్ళు చెప్పే 'కాదు' అది. దానికి జవాబుగానే "మీ ఇష్టం" పుడుతుంది.

నేను ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నా. ఎవరైనా ఆ మాట అంటే మీటింగు అక్కడితో ముగించను. "నా ఇష్టం సంగతి సరే, నువ్వయితే ఏం చేస్తావు?" అని అడుగుతా. సగం సార్లు ఏమీ ఉండదు, నిజంగానే వాళ్ళకి ఏదైనా ఒకటే. మిగతా సగం సార్లు ఒక నిమిషం మౌనం, తర్వాత అసలు సంగతి. ఆ నిమిషం చాలా ఇబ్బందిగా ఉంటుంది. భరించాలి.

అన్నట్టు, ఈ పరీక్ష ఇంట్లో కూడా చేశా.

నేను ఆరో తరగతిలో ఉండగా మా నాన్న ఇల్లు కట్టించారు. వంటింట్లో పొయ్యి గట్టు పైన ఒక కిటికీ కావాలని అమ్మ అడిగింది. అక్కడ అలమర వస్తుంది, సామాను ఎక్కడ పెడతావ్ అన్నారు నాన్న. "మీ ఇష్టం" అంది అమ్మ. అలమర వచ్చింది. పాతికేళ్ళుగా ఆ వంటింట్లో మిరపకాయల తాలింపు వేస్తే ఇల్లంతా దగ్గుతుంది. అది మా ఇంట్లో ఒక జోకు. అమ్మ కూడా నవ్వుతుంది.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు అడిగా, "అమ్మా, ఆ కిటికీ అడిగింది పొగ పోవడానికే కదా?" అని.

"పొగకి కాదురా. అటువైపు వేపచెట్టు ఉండేది. వండుకుంటూ చూడొచ్చని."

నాన్న పేపరు చదువుతూ ఆగిపోయారు. ఆ చెట్టు కొట్టేసి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు అక్కడ పక్కవాళ్ళ గోడ ఉంది. పాతికేళ్ళలో ఎందుకని ఎవరమూ అడగలేదు.